ఎవరితో ఫైటింగ్, సార్?

కోడలుపిల్లకు,

మీ మామయ్య దీవెనలు. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం పడతావు కనుక రాసి, మీ హాస్టల్ గేటు దగ్గర ఇచ్చి వెళ్తున్నాను.

అంతర్జాతీయ ఫైనాన్స్ పీజీ నుంచి విరమించుకోవాలని నిర్ణయించుకున్నాను. సోమవారం దరఖాస్తు ఇస్తాను. కారణాలను వరుసగా రాయడం నా అలవాటని నీకు తెలుసు. మొదటిది, ఎగుమతుల కంపెనీలో పగలంతా విదేశీ బిల్లులు చూసి సాయంత్రం క్లాసుకు వచ్చేసరికి కళ్లు మండుతున్నాయి. రెండవది, ఈ వయసులో ఈ పట్టా వల్ల నా కుర్చీ మారదు. ఈ రెండూ దరఖాస్తులో రాయడానికి పనికొస్తాయి. మూడవది నీకు మాత్రమే.

విదేశీ కొనుగోలుదారు ఎప్పటికో చెల్లించాల్సిన బిల్లును ఎగుమతిదారు ముందే బ్యాంకుకు తగ్గింపు ధరకు అమ్మేసి చేతులు దులుపుకోవడాన్ని ఏమంటారని మంగళవారం ప్రొఫెసర్ గారు అడిగారు కదా. నేను లేచి ‘ఫర్‌ఫైటింగ్’ అన్నాను. వెనక బెంచీ నుంచి "ఎవరితో ఫైటింగ్, సార్?" అని వినిపించింది. క్లాసంతా గొల్లున నవ్వింది. ప్రొఫెసర్ గారు నవ్వాపుకుంటూ, "ఫోర్‌ఫెయిటింగ్ అండీ. జవాబు మాత్రం కరెక్టే" అన్నారు. నేను నేర్చుకున్నదంతా పుస్తకాల్లోనే. ఆ మాటను ఇన్నేళ్లుగా చూశానే తప్ప ఎవరి నోటా వినలేదు. వాళ్లు నవ్వినందుకు బాధ లేదు. ఆ నవ్వుల్లో నీ నవ్వు గుర్తుపట్టాను.

నేను చేరిన రోజున, "మామయ్యా, క్లాసులో మనం ఎవరికెవరం కాము, సరేనా?" అన్నావు. సరేనన్నాను. నవ్వకూడదన్న షరతేదీ ఆ ఒప్పందంలో లేదు. కాబట్టి తప్పు నీది కాదు. ఇకపై నిశ్చింతగా చదువుకో. మా అక్కకు, అదే మీ అమ్మకు, నేనే చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య

*

మామయ్యా,

అడ్డం పడటానికి ఫోనే అక్కర్లేదు, కాగితం మీదా పడగలను.

నవ్వాను, నిజమే. ఎందుకో విను. చిన్నప్పుడు నేను నీ టేబుల్ కింద బొమ్మలేసుకుంటుంటే, నువ్వు పైన బిగ్గరగా చదువుకునేవాడివి. ఆ మాట నాకు అక్కడే అబ్బింది. ఈ సీటు కోసం ఇంటర్వ్యూకి వెళ్తే ఇదే ప్రొఫెసర్ ఇదే ప్రశ్న వేశారు. ఫర్‌ఫైటింగ్ అన్నాను, ఎంత ధీమాగా అనుకున్నావు! బల్లకి అవతలున్న వాళ్లందరూ పగలబడి నవ్వారు. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నారు. "పుస్తకంలో" అన్నాను. నీ సంగతి చెప్పలేదు.

తర్వాత నువ్వూ ఇక్కడే చేరావు. నువ్వు పలికే తీరు తప్పని నీకే చెప్పడానికి నోరు రాలేదు. ఎవరికెవరం కామన్నది, ఆ మాట నీ దగ్గర నేర్చానని తెలిసి ఆ నవ్వు నీదాకా రాకూడదని. సిగ్గుపడి కూడా. రెండూ ఉన్నాయి, అబద్ధం చెప్పను. మంగళవారం నువ్వు అదే మాట అదే ధీమాతో అనగానే ప్రొఫెసర్ నావైపు చూశారు. దొరికిపోయాం రా బాబూ అని నవ్వొచ్చేసింది. క్లాసయ్యాక పిలిచి, "ఆ పుస్తకం ఈయనేనా?" అన్నారు. అవునన్నాను. "అలాగైతే అంత దూరంగా కూర్చుంటారేం?" అన్నారు.

సోమవారం దరఖాస్తు ఇచ్చావో, ఆఫీసు ముందు నిలబడి అందరికీ వినబడేలా ‘మామయ్యా’ అని అరుస్తాను. ఆపై నీ ఇష్టం.

నీ కోడలుపిల్ల

*

కోడలుపిల్లకు,

నీ ఉత్తరం చదివాను. దరఖాస్తు చించలేదు. వెనకవైపు ఖాళీగా ఉంది, నోట్సుకు పనికొస్తుంది. కళ్లు మండటం మాత్రం సాకు కాదు, కళ్లజోడు మార్చుకుంటున్నాను.

నేను తప్పుగా పలుకుతున్నానేమోనన్న అనుమానం ఉన్న మాటల జాబితా జతచేశాను. కొంచెం పొడుగైంది. సోమవారం నా పక్కన కూర్చుని ఒక్కొక్కటీ పలికి వినిపించు. ఫర్‌ఫైటింగ్ అందులో లేదు. దాన్ని దిద్దుకునే ఉద్దేశం నాకు లేదు.

ఇట్లు,
ఆ పుస్తకం