ఇయ్యని మొక్కు

చెల్లె ఐలవ్వకు, భీవండి కామత్‌ఘర్ నుంచి అక్క ఎవరితోనూ రాయించకుండా సొంతంగా రాస్తున్న ఉత్తరం.

నీ మనవరాలి పెళ్లికార్డు అందింది. షుగరు గోలీలు మరవకు, నాకు అదే రంది.

కార్డు తెచ్చిన నర్సింగ్ ఒక మాట చెప్పాడు. నా పలచటి జుట్టు చూసి పెళ్లివారు నవ్వుతారని, "మా అక్క వేములవాడ రాజన్నకు తలనీలాలు ఇచ్చింది, ఇప్పుడిప్పుడే మొలుస్తున్నయి" అని అందరికీ చెబుతున్నావట. ఎట్ల చెప్పినవే? ఇయ్యని మొక్కు ఇచ్చినమంటే రాజన్న ఊకుంటాడా? ఆ భయంతో నాకు అన్నం పోతలేదు.

నా జుట్టు దేవునికి పోలేదు, దువ్వెనకు పోయింది. కోడలు వనిత నల్లనూలుతో సవరం అల్లి ఇచ్చింది. మగ్గాల కార్ఖానాలో నూలు కండెలు చుడుతుంటే అది ఊడి కండెల బుట్టలో పడింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మళ్లీ పెట్టుకోలేదు.

మీ బావా నేనూ వస్తున్నాము. బస్సులో సీట్లు దొరుకుతాయో లేదో. కొంగు మాత్రం నెత్తిన కప్పుకోను. ఎవరడిగినా "ఊడిపోయినయి" అని నేనే చెబుతాను. నువ్వు అడ్డం రాకు.

పూలు పంచేటప్పుడు నన్ను దాటిపోవద్దు. మూరెడు దండ నిలువదు, ఒక్క చామంతి చాలు. అది నిలిచేటంత జుట్టు ఇంకా ఉంది.

మీ అక్క