కుక్కకి కామెర్ల సూది

సింహాచలం మావా,

ఈ పొద్దున్న అత్త కొత్త కుక్కపిల్లని మా పశువుల ఆసుపత్రికి ఎత్తుకొచ్చింది. "కామెర్ల సూది వెయ్యి అల్లుడూ" అని, ఎడ్లతో వచ్చిన రైతులకి తనే చెప్పింది: "ఎలకలు ఉచ్చపోసిన నీళ్లు తాగితే కుక్కకి కామెర్లొస్తాయి. దానికి సేవ సేసిన మనిషికీ వస్తాయి. మా ఆయన అలాగే పోనాడు."

నువ్వు పోయాక నేను చెప్పిన ముక్కలే అవి. మనిషికీ వస్తాయని నీకు మాత్రం చెప్పలేదు మావా. నీ పాత కుక్కకి కామెర్లు రాకముందే ఈ సూది వేస్తానన్నప్పుడు, "కుక్కకి సూదేట్రా?" అని నువ్వు నవ్వితే, నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

"డాక్టరు బాబు మీకు ముందే సెప్పలేదేటి?" అని ఒక రైతు అడిగాడు.

"సెప్పాడు. ఆయనే ఇన్లేదు" అంది అత్త, నా వైపు చూడకుండా.

రైతులు కుక్కల్ని తేవడానికి లేచారు. అత్త చెప్పిన మాటని నేను కాదనలేదు మావా. తల దించుకుని సూదిలోకి మందు ఎక్కించాను.