దగ్గుమందుకు సాక్షి

ఏవండీ,

అన్నం, చేపల పులుసు పొయ్యి మీద ఉన్నాయి. తిని పదింటికల్లా పెద్దాపురం కోర్టుకు వెళ్లండి. దగ్గుమందు సీసా మీ సంచిలో పెట్టాను, మరిచిపోకండి. అందులో స్పిరిట్ ఉండబట్టే పోలీసుల మెషిన్లో ఊదితే తాగినట్టు చూపించిందని లాయరు గారు వాదిస్తారట.

నేను సామర్లకోట వెళ్తున్నాను, మీ మరదలు పావనిని తీసుకురావడానికి. ఆ రోజు మీరు తాగింది బ్రాందీ కాదు, తనిచ్చిన దగ్గుమందేనని చెప్పగలిగేది ఆవిడొక్కతే. మీరు పిలిస్తే వాళ్ల అత్తగారు పంపరట.

మీరు వాళ్లింటికి వెళ్లారని నాకు లాయరు గారి దగ్గరే తెలిసింది. నాలుగు రోజులు నేను మిరియాల కషాయం కాచి ఇస్తే ఘాటని పారబోశారు. ఆవిడ ఇచ్చిన మందు మాత్రం వ్యాను ఎక్కాక కూడా తాగారు. ముందు ఆవిడనే మీకు అనుకున్నారని అత్తయ్య ఇప్పటికీ అంటుంటారు. నాకు కుళ్లుగానే ఉంది. కానీ లైసెన్సు పోతే చేపల వ్యాను ఎవరు నడుపుతారు?

కోర్టులో ఆవిడ పక్కన నేను కూర్చుంటాను. మీరు లాయరు గారి పక్కన కూర్చోండి.

దుర్గ

కొత్త నీలం చీర కట్టుకున్నాను. బాగుందని ఆవిడ ముందే చెప్పండి.