చుక్కాని బాగానే ఉంది

శ్రీవారికి,

ఇక్కడ అందరం క్షేమమని మొదటి వాక్యంలోనే రాసేస్తే, ఆ తర్వాత మనసులో ఉన్నదేదైనా రాసుకోవచ్చని మా అమ్మ అనేది. కాబట్టి క్షేమమే. పాపకు జలుబు, నాకు నడుంనొప్పి, మామయ్యగారికి మాత్రం ఏమీ లేదు. డెబ్బై రెండేళ్ళ మనిషి మా ముగ్గురిలోకీ గట్టిగా ఉన్నారు. మీరు కూడా ఆ సొరంగం పనిలో వేళకు తింటూ, తడిబట్టలతో తిరగకుండా ఉన్నారని అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప కనుక్కోవడానికి అక్కడ ఫోను పలకదాయె.

ఈ ఉత్తరం ల్యాబులో కూర్చుని రాస్తున్నాను. రక్తం సీసాలు మిషన్లో పెట్టి తిప్పితే పదిహేను నిమిషాలు ఆగాలి. రోజు మొత్తంలో నాకు కుర్చీ దొరికేది అప్పుడే. మధ్యలో ఎవరైనా చొక్కా చెయ్యి మడుచుకుంటూ వస్తే కలం పక్కన పెట్టి, సూది గుచ్చి వచ్చి మళ్ళీ రాస్తాను. అక్కడక్కడా అతుకులు కనిపిస్తే ఏమీ అనుకోకండి.

పోయిన ఉత్తరంలో మీరు నాలుగు సంగతులు అడిగారు. మూడింటికి ముందు జవాబు చెప్తాను. నాలుగోది చివర్న.

పాప పళ్ళకు తీగ వేయించాను. రెండు రోజులు అన్నం ముందు కూర్చుని నన్నూ, డాక్టర్నీ కలిపి తిట్టింది. ఇప్పుడు అద్దం ముందు నిలబడి నవ్వి చూసుకుంటోంది. "ఇనుప పని నాన్నొక్కడికే కాదు, నా నోట్లో కూడా జరుగుతోందని రాయి" అంది. రాశాను.

వంటింటి గోడకు చెమ్మ అలాగే ఉంది. ఇంటివాళ్ళాయన వచ్చి, చెయ్యి పెట్టి చూసి, "అవునమ్మా, చెమ్మే" అని ఒప్పుకుని వెళ్ళిపోయాడు.

ఇక మన తెరచాప పడవల క్లబ్బులో హారను మూగబోయిన రోజు సంగతి. రెండో రేసుకు ఐదు నిమిషాల జెండా ఎత్తాం. హారను నొక్కితే పిల్లి తుమ్మినంత చప్పుడొచ్చి ఆగిపోయింది. గడియారంగారు నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను. (పోస్టాఫీసులో రిటైరయిన ఆయన పేరుతో ఇప్పుడు ఎవరూ పిలవడం లేదు. రెండు చేతులకీ రెండు వాచీలు పెట్టుకుని టైము రాస్తారు కదా, గడియారమే ఖాయమైపోయింది.) మీరు నేర్పిందే చేశాను. లెక్క జెండాకే గాని చప్పుడుకు కాదు. నాలుగు నిమిషాలుందనగా రెండో జెండా ఎత్తాం, ఒక్క నిమిషం ఉందనగా దాన్ని దించాం, సున్నాకు మొదటిదీ దించాం. పద్దెనిమిది పడవలూ బుద్ధిగా బయల్దేరాయి. ఒడ్డుకొచ్చాక ఒకాయన హారను వినపడలేదని గొడవకొచ్చాడు. "చెవుల సంగతి సరే, కళ్ళు కూడా లేవా బాబూ?" అన్నారు గడియారంగారు. అంతటితో సరి.

చదివి మీరు నవ్వుకుంటారని తెలుసు. నాకు మాత్రం ఇప్పుడు నవ్వు రావడం లేదు. అలిసిపోయానండీ.

మీరు వెళ్తూ ఆ జెండాల పెట్టె నా చేతిలో పెట్టి రెండు నెలలే అన్నారు. ఇది ఏడో నెల. ఆరు రోజులు ల్యాబులో నిలబడి, ఏడో రోజు ఊగే పడవలో నిలబడుతున్నాను. పొద్దున తొమ్మిదింటికి లంగరు వేయించాలి. గాలి ఎటునుంచి వస్తోందో చూసి, మన కమిటీ పడవ మీది కర్రకూ, నీళ్ళ మీద తేలే ఆ నారింజరంగు బోయాకూ మధ్య రేసు గీత సరిగ్గా పడిందా లేదా అని పదిసార్లు చూసుకోవాలి. అంతా అయ్యాక గాలి మనసు మార్చుకుంటుంది. మళ్ళీ లంగరు ఎత్తు, మళ్ళీ వెయ్యి. రేసు వాయిదా జెండా ఎత్తితే పద్దెనిమిది పడవల్లోంచీ నా వైపే చూస్తారు, గాలిని నేనే మూటగట్టి దాచినట్టు. నిద్రలో కూడా ఐదు, నాలుగు, ఒకటి, సున్నా అని లెక్కపెడుతున్నానట. పాప చెప్పింది.

ఇదంతా సాకు అనుకోవద్దు. నేను చేసిన పనికి ఇది సాకు కాదు.

నాలుగో ప్రశ్న. "నాన్న పడవ చుక్కాని పిన్ను విరిగిందట కదా, కొలత రాస్తే ఇక్కడి వర్క్‌షాపులో లేతు మీద స్టీలుది చేయించి పంపిస్తాను" అని రాశారు. పాప రాసుంటుంది మీకు. తాతయ్య చెప్పిన మాటే అది రాసింది, దాని తప్పేమీ లేదు.

మూడు ఆదివారాల కిందట, ఆ రోజు ఆఖరి రేసులో మొదటి పడవ నాలుగు గంటల ఆరు నిమిషాలకు గీత దాటింది. మొదటి పడవ వచ్చాక నలభై నిమిషాల దాకా, లేదా చివరి పడవ వచ్చేదాకా, నీలం జెండా ఉండాలి. ఆ జెండా ఉంటేనే అక్కడ గీత ఉన్నట్టు. నలభై నిమిషాలు దాటాక వచ్చినవాళ్ళకు 'ముగించలేదు' అని రాస్తాం. మీకు తెలియనిది కాదు. నాకు తెలియక చేశానని మీరు అనుకోకూడదని రాస్తున్నాను.

నాలుగున్నరకు పదిహేడు పడవలు వచ్చేశాయి. మిగిలింది ఎవరో చెప్పాలా? మామయ్యగారి గోధుమరంగు తెరచాప దూరంగా ఆఖరి మలుపు దగ్గర గోడకు కొట్టిన మేకులా నిలబడిపోయింది. గాలి చచ్చిపోయింది. పొద్దుటినుంచి నేను తిన్నది ఒక బన్ను. మోకాళ్ళు పీకుతున్నాయి. ఒడ్డున అందరూ టీ తాగుతూ నవ్వుకుంటుంటే ఆ నవ్వులు నీళ్ళ మీదుగా వినిపిస్తున్నాయి.

"జెండా దించండి, పోదాం," అన్నాను.

గడియారంగారు ఎడం చేతి వాచీ చూసుకుని, కుడి చేతి వాచీ చూసుకుని, "ఇంకా పద్నాలుగు నిమిషాలుందమ్మా," అన్నారు.

"గాలి ఏదండీ? గంటకైనా రారు."

"రాకపోతే రారు. టైము మాత్రం ఉంది కదా."

"దించమంటున్నానా," అన్నాను. ఆ గొంతుతో పెద్దవాళ్ళతో నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయన దించి, పుస్తకంలో నాలుగూ ముప్పై రెండు అని రాసుకున్నారు.

లంగరు ఎత్తి సగం దూరం వచ్చామో లేదో, మెడ వెనక చల్లగా తగిలింది. గాలి. వెనక్కి తిరిగి చూస్తే గోధుమరంగు చాప నిండి, ఒరిగి, వచ్చేస్తోంది. పడవ నడిపే అతను, "తిప్పమంటారా మేడమ్?" అన్నాడు. మళ్ళీ వెళ్ళి, లంగరు వేసి, గీత కట్టేసరికి టైము అయిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. ప్రయత్నమైనా చేసుండొచ్చు. వద్దన్నాను. మామయ్యగారు ఒంటరిగా ఉన్న బోయా పక్కనుంచి, కమిటీ పడవ లేకపోయినా, జెండా లేకపోయినా, ఎటువైపునుంచి దాటాలో ఆ వైపునుంచే పద్ధతిగా దాటి ఒడ్డుకొచ్చారు.

జెట్టీ మీద క్లబ్బు సెక్రటరీగారు అడిగారు. "ఏంటి పెద్దాయనా, మీరు వచ్చేసరికి గీత దగ్గర ఎవరూ లేరట?"

నేను జెండాలు మడతపెట్టడం మొదలుపెట్టాను. మామయ్యగారు నా వైపు ఒకసారి చూసి, "చుక్కాని పిన్ను విరిగిందయ్యా. నేనే మానుకుంటున్నానని చెయ్యి ఊపాను, అందుకే వాళ్ళు వెళ్ళారు," అన్నారు. కలం అడిగి తీసుకుని తన నంబరు ఎదురుగా 'విరమించాను' అని రాసి సంతకం పెట్టారు.

పంతొమ్మిదేళ్ళండీ. ఒక్కసారి కూడా గెలవలేదు, ఒక్కసారి కూడా మధ్యలో మానలేదు. గెలిచినవాళ్ళ పేర్లు లోపల గాజు బీరువాలో కప్పుల మీద ఉంటాయి. మామయ్యగారి పేరు ఉండేది మెట్ల పక్కన చెక్క బోర్డు మీద, సీజనులో ప్రతి రేసూ ముగించినవాళ్ళ వరసలో. ఈ ఆదివారం పెయింటరు వచ్చి ఈ ఏడాది పేర్లు రాస్తాడు. ఆ బోర్డు మీద మామయ్యగారి పేరు లేకపోవడం ఇదే మొదటిసారి అవుతుంది.

మూడు వారాలు నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయన నిజంగానే టైము చూసుకోలేదేమో, అయిపోయిందనే అనుకున్నారేమో అని సర్దిచెప్పుకున్నాను. వడ్డించేటప్పుడు మొహం చూడకుండా వడ్డించాను. ఆయన మాత్రం మామూలుగానే, "ఉప్పు తక్కువైందమ్మా" అంటూనే ఉన్నారు.

మొన్న శనివారం మధ్యాహ్నం ఆయన వాన కోటు ఉతకబోతూ జేబులు తడిమితే చిన్న పుస్తకం దొరికింది. మీరు చూసే ఉంటారు, పెన్సిలు కట్టి ఉంటుంది. తేదీ, గాలి, చేరిన టైము. పేజీల నిండా అదే. ఆ తేదీ వెతికాను. 'గాలి పోయింది. మళ్ళీ వచ్చింది. 4.44.'

రెండు నిమిషాలు మిగిలుండగానే వచ్చారు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

వరండాలో తెరచాపకు మాసిక వేసుకుంటున్నారు. పుస్తకం పట్టుకెళ్ళి ముందు పెట్టాను.

"చుక్కాని విరిగిందని ఎందుకు చెప్పారు మామయ్యగారూ?"

సూది గుడ్డలో గుచ్చి పెట్టారు. "నీ మొహం చూశానమ్మా. అంతమందిలో నిన్ను నిలబెట్టి అడిగించడం నాకిష్టం లేకపోయింది. ఆ పడవలో నేను నిలబడలేదా ఏంటి పదేళ్ళు? కాళ్ళు ఎలా పీకుతాయో నాకు తెలీదా?"

"నేను కావాలనే దించాను. మీరు కనిపిస్తూనే ఉన్నారు."

"తెలుసమ్మా. మీరూ నాకు కనిపిస్తూనే ఉన్నారు కదా."

ఇంకెవరి పడవైనా అయ్యుంటే ఆగేదాన్నండీ. అదే నన్ను తినేస్తోంది. తిట్టుకుంటూనైనా పద్నాలుగు నిమిషాలూ ఆగేదాన్ని. మన మామయ్యే కదా, ఏమీ అనుకోరులే అనుకున్నాను. ప్రతి ఆదివారం ఈయన వల్లే ఆలస్యమని లోపల కోపం కూడా ఉంది. పరాయివాళ్ళకు చెయ్యలేని పని సొంతమనిషికి చేశాను.

"పేరు పోయినా ఫరవాలేదు అనుకున్నప్పుడు, మరి ఇది దేనికి రాసుకున్నారు?" అని అడిగాను.

పుస్తకం తీసుకుని, ఆ పేజీ వేలితో సాపు చేసి, "వచ్చాను కదమ్మా," అన్నారు. "ఎక్కడో ఒకచోట ఉండాలి కదా మరి."

అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆయన లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి పెట్టి, మళ్ళీ మాసిక కుట్టుకున్నారు.

కమిటీ తప్పు వల్ల ఒక పడవకు నష్టం జరిగితే, దాన్ని సరిదిద్దమని కమిటీయే అర్జీ పెట్టవచ్చని నియమాల పుస్తకంలో ఉంది. ఆ రోజే పెట్టాలి. తగిన కారణముంటే గడువు పెంచవచ్చట. కారణం అన్నచోట ఏం రాయాలో ఎంతకీ తోచక, చివరికి 'భయపడ్డాను' అని రాశాను. మామయ్యగారు పక్కన కూర్చుని, "నేను అబద్ధం చెప్పానని కూడా రాయాలా?" అన్నారు. రాయాలన్నాను. "సరే, రాయి. అక్షరాలు మాత్రం కాస్త చిన్నవి వెయ్యి," అన్నారు.

ఈ పొద్దున ల్యాబుకొస్తూ సెక్రటరీగారికి ఇచ్చాను. రెండుసార్లు చదివి, "ఇది మీ మీద మీరే పెట్టుకున్నట్టుంది," అన్నారు. అవునన్నాను. గడియారంగారి పుస్తకం కూడా చూడమన్నాను. విచారణ ఆదివారం పొద్దున. వాళ్ళు ఏం తేలుస్తారో తెలియదు. నాచేత జెండాల పెట్టె తిరిగి ఇప్పించుకున్నా బాధపడను. నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలిచి, "పెయింటరును ఒక వరస ఖాళీ వదలమంటాను," అన్నారు.

పెట్టె నా దగ్గరే ఉంచితే ఈసారి ఒక స్టూలు పట్టుకెళ్తాను. రోజంతా నిలబడే ఉండాలని ఏ నియమంలోనూ లేదని మామయ్యగారు చెప్పారు. ఈ మాట ఏడు నెలల కిందట ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

మిషన్ ఆగింది, సీసాలు తియ్యాలి. మీరు కొలత అడిగారు. పిన్ను చేయించకండి. చుక్కాని బాగానే ఉంది. ఆ రోజు కూడా బాగానే ఉంది.

ఇట్లు,
మీ నాన్నగారి కోడలు