ప్రార్థన చేసిన పడవ

హంసలదీవి, అక్టోబరు 1965
శుక్రవారం రాత్రి

తూర్పుగాలి ఇంకా తగ్గలేదు. పొద్దున మబ్బు చూసి, బర్మా నుంచి వచ్చి ఇక్కడ గుడిసెలు వేసుకున్నవాళ్లంతా పడవలు ఒడ్డుకి లాగేశారు. అప్పలస్వామి మాత్రం "ఓ పార్దన సెయ్యండి బాబూ" అన్నాడు. మావారు అలవాటుగా పడవ మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. అతను దణ్ణం పెట్టి, కొడుకుని ఎక్కించుకుని సముద్రం మీదికి వెళ్లిపోయాడు. ఇంకా రాలేదు.

వెళ్లమని మేం అనలేదు. వద్దనీ అనలేదు.

సాయంత్రం అతని భార్య నూకాలమ్మని ఓదార్చడానికి వెళ్లాను. "అయ్యగోరు పార్దన సేసినారు గదమ్మా, బయమేటి?" అని నాకే ధైర్యం చెప్పింది. రిటైరయ్యాక మేమిద్దరం బందరు వదిలి వచ్చింది వీళ్లకి ప్రభువు మీద ఈ నమ్మకం కలిగించడానికే. ఇవాళ ఆ నమ్మకాన్ని చూస్తే నాకే భయమేస్తోంది...

పక్క గుడిసెలో నూకాలమ్మ నిద్రపోతోంది. ఆయన మాత్రం లాంతరు పట్టుకుని మాటిమాటికీ బయటికెళ్లి, గాలి తిరిగిందేమో చూసొస్తున్నారు.