మేగ్ చచ్చిపడున్న సీను

1983 ఫిబ్రవరి 8, మంగళవారం

మా ఆయన క్లిఫర్డ్ రాసిన నవలను మూడోసారి సినిమా తీస్తారట. మొదటిసారి కథను లండన్‌కి ఎత్తుకుపోయారు. రెండోసారి టీవీ వాళ్లు హంతకుణ్ణి బుద్ధిమంతుణ్ణి చేసి కూర్చోబెట్టారు. రెండూ నేను చూడలేదు. ఇప్పుడు నైజెల్ ప్రాక్టర్ అని ఒక కుర్ర డైరెక్టర్ ఫోన్ చేశాడు. చివరి సీను మా మేబుల్‌థార్ప్ సముద్రపు ఒడ్డునే, పుస్తకంలో ఉన్న చోటే తీస్తాడట. నేను వద్దంటే మానేస్తానన్నాడు. మర్యాదస్తుడే.

పుస్తకంలో ఆ ఒడ్డున చచ్చిపడుండే పిల్ల పేరు మేగ్. అది మా అమ్మాయి జూడిత్. పదిహేడేళ్ల పిల్లని పోటు నీళ్లు వెనకనుంచి చుట్టుముట్టి పొట్టన పెట్టుకున్నాయి. నా మొగుడు దాన్ని హత్యగా మార్చి, మిగతాదంతా ఉన్నదున్నట్టు దించేశాడు, ఊడిపోయిన చెప్పుతో సహా. సమాధి మీద గడ్డయినా మొలవకముందే రాశాడు. ఆయన పోయాడు గానీ నా కోపం పోలేదు.

ఫిబ్రవరి 9

చెల్లెలు ఈనిడ్ వచ్చి దులిపేసింది. వద్దని ఒక్క మాటంటే నోటి ముత్యాలు రాలతాయా అంది. నిన్ననే సరేనన్నానని దానికి చెప్పలేదు. ఎందుకన్నానో నాకే తెలీదు. ఎన్నాళ్లని మొహం తిప్పుకోను?

మార్చి 27, ఆదివారం

వేసవి టైము మొదలు. గడియారాలన్నీ గంట ముందుకు తిప్పాను. ఎల్లుండే షూటింగు.

మార్చి 29, మంగళవారం. ఉదయం 11

ఇది ఇప్పుడే రాసెయ్యాలి.

తెల్లారేసరికి ఈనిడ్‌ని తోడు తీసుకుని ఒడ్డుకెళ్లాను. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. పోటు అయిపోయింది, ఇక నీళ్లు వెనక్కే అన్నాడు నైజెల్. మేగ్ వేషం కట్టిన పిల్ల పేరు లోర్నా. పెదాలకి నీలం రంగు పూసి, ఒక కాలి చెప్పు తీసేసి, ఇసుకలో బోర్లా పడుకోబెట్టారు. అచ్చం జూడిత్ లాగే ఉంది. ఈనిడ్ నా చెయ్యి పట్టుకుని, వెళ్లిపోదాం పద అక్కా అంది. నేను కుర్చీలోంచి లేవలేదు.

కెమెరా తిరుగుతోంది. అందరూ లోర్నా వంకే చూస్తున్నారు. నేను మాత్రం పిల్ల వెనకున్న పల్లాన్నే చూస్తున్నాను. అక్కడ నీళ్లు మెరిశాయి. వెనక్కి పోవడం కాదు, లోపలికి వస్తున్నాయి. పాదాల దాకా వచ్చాయి. పని మీద శ్రద్ధ ఉన్న పిల్లలా ఉంది, కదల్లేదు.

"లేవే! లే తల్లీ, నీళ్లొస్తున్నాయి!"

నా గొంతేనా అది? టేకు చెడింది. నైజెల్ చేతిలో కాగితాలు నేలకేసి కొట్టాడు. శవం లేచి కూర్చుంది, వెనక్కి చూసింది, మిగిలిన చెప్పు కూడా విసిరేసి పరుగో పరుగు. మోకాళ్లలోతు నీళ్లలోంచి, బూతులు తిట్టుకుంటూ, నా ముందుకొచ్చి పడింది. ఆ తర్వాతే మిగతావాళ్లు కెమెరా ఎత్తుకుని పరిగెత్తారు.

జరిగిందేమిటంటే, పోటు పట్టికలో ఏడాదంతా గడియారాలు తిప్పకముందటి పాత టైమే వేస్తారు. వేసవిలో దానికి గంట కలుపుకోవాలి. గడియారాలు తిప్పుకున్నారు గానీ పట్టికకి ఆ గంట కలపలేదు మహానుభావులు. ఈనిడ్ పడీ పడీ నవ్వింది. నేను ఆ పిల్లని దుప్పట్లో చుట్టి పట్టుకుని, వదలమన్నా వదల్లేదు. ఏడుస్తున్నానని ఎవరో చెబితే తెలిసింది. హాయిగా ఉంది. ఇన్నేళ్లలో ఇంత హాయిగా లేదు.

అదే రోజు, సాయంత్రం

లోర్నా మా ఇంటికొచ్చింది. టీ తాగింది, కేకు సగానికి సగం లాగించింది. జూడిత్ సంగతి ఊళ్లో ఎవరో చెప్పారట. క్షమించమంది. నువ్వేం చేశావే అన్నాను.

"తను ఎలా ఉండేదో చెప్పండి. పుస్తకమంతా వెతికాను, శవంగా తప్ప ఎక్కడా లేదు."

నిజమే సుమా! చెప్పాను. పేకాటలో దొంగాట ఆడేదని, వాళ్ల నాన్న టోపీలో గుడ్లు దాచేదని, నాలాగే అపస్వరాలు పాడేదని. చెబుతూ నవ్వాను. ఆ పేరెత్తి నవ్వడం ఇదే మొదలు.

క్లిఫర్డ్ బతికున్న జూడిత్‌ని ఒక్క ముక్కయినా రాయలేదు. రాయబోతే చెయ్యి ఆడలేదేమో. పాపం! ఇన్నాళ్లూ దాని చావుని దొంగిలించి రాసుకున్నాడనుకున్నాను.

మార్చి 31

ఆ సీను ఈరోజు మళ్లీ తీశారు. నీళ్లు చూసే ఉద్యోగం నాకిచ్చారు.

నవంబరు 10, గురువారం

సినిమాకి వెళ్లాం. ఆ సీను రాగానే ఈనిడ్ నా కళ్లు మూసింది. దాని చెయ్యి తీసేశాను. తెర మీద పడుకున్నది లోర్నా. శనివారం దాని పెళ్లి. వేసుకెళ్లడానికి నాకు మంచి పూల చీటీ గుడ్డ గౌను ఒకటి ఉంది గానీ, చలికి ఆగుతుందో లేదో.