పది ఇంజక్షన్లు

3 నవంబరు 1964, బందరు

ప్రభావతికి జ్వరం, గొంతు నొప్పి. పదకొండేళ్ల పిల్ల, ఉమ్మి కూడా మింగలేకపోతోంది. డాక్టర్ రామబ్రహ్మం పెన్సిలిన్ రాశాడు. రోజుకొకటి, పది రోజులు. పదీ ఇంటికి తెచ్చేశాను, కాంపౌండరు వచ్చి పొడుస్తాడు.

సాయంత్రం పెడన నుంచి నాంచారయ్య వచ్చాడు. అద్దకం పనివాడు, మా కార్మిక సంఘం మనిషి. వాళ్ల ఆడపిల్లలిద్దరికీ ఇదే గొంతట. పొడిచేవాడున్నాడు గానీ మందే దొరకడం లేదట.

పంచేశాను. పిల్లలు ముగ్గురికీ తలా మూడు. మిగిలినది మా పిల్లకే ఉంచాను. సమానత్వమంటే మనింటికి ఒకటి ఎక్కువ అన్నమాట, అని నా భార్య రాజ్యలక్ష్మి ఎత్తిపొడిచింది.

7 నవంబరు

జ్వరం పోయింది. నాలుగింటితోనే! పెడనలోనూ తగ్గిందట. అమ్ముకోవడానికే ఈ కంపెనీలు పది అంటాయని నా పత్రికలో ఉతికి ఆరేశాను.

26 నవంబరు, ఉదయం

నిన్న కుడి మోకాలు వాచింది. ఇవాళ ఎడమది. మళ్లీ జ్వరం. మంచం ఎటో తేలిపోతోందంటోంది ప్రభ.

అదే రోజు, సాయంత్రం

రామబ్రహ్మం ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గొంతులో దూది తిప్పి తీసుకున్నాడు. ఎన్ని ఇచ్చావన్నాడు. చెప్పాను.

28 నవంబరు

జబ్బంటే దరిద్రమేనని రామబ్రహ్మంతో వాదించాను. ఒక్క గదిలో ఎనిమిదిమంది పడుకోవడం, చెమ్మ గోడలు. సూక్ష్మజీవి ఒక సాకు, అన్నాను. నిజమేనయ్యా ఎడిటరూ, కానీ అది నీ పత్రిక చదవదు, రా చూపిస్తా, అన్నాడు.

ఆస్పత్రి వెనక గదిలో గాజు పళ్లెం. అందులో గొర్రె నెత్తురు కలిపిన జావ గడ్డకట్టి ఉంది. ప్రభ గొంతులోని జీవి మొలిచిన చోటల్లా ఎరుపు కరిగిపోయి, చుక్క చుట్టూ చంద్రుడికి కట్టినట్టు వరదగుడి కట్టింది. ఎంత అందంగా ఉందో. ఛీ.

దాని విషమొకటి రక్తకణాల్ని పగలగొడుతుందట. దాని ఎంజైమొకటి మన కణాల మధ్య జిగురు కరిగించి దారి చేసుకుంటుందట. మన ఒళ్లు నెత్తుటిని గడ్డకట్టించి అడ్డం పెడితే ఆ గడ్డనీ కరిగిస్తుందట. దాని ఒంటిమీద పూతలా ఒక ప్రోటీను; పట్టుకోబోయిన తెల్లకణాలు జారిపోతాయి. ఆ పైపూతకీ మన గుండె కండకీ పోలికలున్నాయని ఈమధ్య అనుమానిస్తున్నారట. దాన్ని కొట్టడానికి లేచిన మన సైన్యమే గుండెనీ కొడుతుందేమో, అన్నాడు.

నాలుగింటితో జ్వరమే పోయింది. జీవి గొంతులోనే ఉండిపోయింది. ఇప్పుడు గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదు.

29 నవంబరు

నిద్రో మెలకువో తెలీలేదు. పెడన కాలవగట్టు మీద ఎర్రటి అద్దకం గుడ్డలు ఆరేసి ఉన్నాయి. ప్రభ గౌను తొడుక్కుని ఎవడో వాటి మీద నడిచిపోతున్నాడు. అడుగు పడ్డచోటల్లా రంగు లేదు. మేమంతా కర్రలతో వెంటపడ్డాం. కొట్టేది ఎవర్నో చూసుకోలేదు. అందరికంటే ముందు నేనే.

30 నవంబరు

పెడన వెళ్లి నాంచారయ్యకి అంతా చెప్పాను. పిల్లల్ని గుండె పరీక్షకి తీసుకురమ్మన్నాను. అద్దకం అచ్చు మీద చెయ్యి తియ్యకుండా విన్నాడు. మీరు పంచకపోతే మా పిల్లలకి ఆ మూడేసి మాత్రం ఎక్కడివండీ, అన్నాడు. తర్వాత, మెల్లిగా, ముగ్గురికీ కలిపి ముప్ఫై కావాలని ఆరోజే ఎందుకు అరవలేదండీ ఎడిటరుగారూ, రోజూ అరిచేవారే కదా, అన్నాడు.



2 డిసెంబరు

ఆ పిల్లలిద్దరి గుండెలూ బాగున్నాయి. ప్రభకి నెలనెలా ఇంజక్షన్, ఏళ్ల తరబడి. ఒక్కటీ తప్పకూడదు. పది గురించి నేను రాసింది తప్పని పత్రికలో వేశాను, మొదటి పేజీలో.

9 డిసెంబరు

ప్రభ ఛాతీకి చెవి ఆనించాను. లోపల పడవ పోతోంది. తెడ్డు వేసినప్పుడల్లా కాసిని నీళ్లు వెనక్కి వస్తున్నాయి. గుండె ఏం చేస్తోంది నాన్నా, అంది. వెళ్తోందమ్మా, వెళ్తోంది, అన్నాను. చెవి తియ్యలేదు.